ఆర్చీ కింద మూడో తరగతి

జయకుమారి టీచరుకి ఊళ్ళో శత్రువులంటూ ఎవరూ లేరు, గృహప్రవేశాలు తప్ప. కొత్తింట్లో పాలు పొంగాయని అందరూ సంబరపడుతుంటే, ఈవిడ పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఆ ఇంట్లో బడి వయసు పిల్లలెందరున్నారో చూసుకునేది. ఇద్దరు కనిపిస్తే ఇక పులిహోర దిగేది కాదు.

మరి దిగమంటే ఎలా దిగుతుంది? టీచరు వాళ్ళమ్మ కూలికెళ్ళి కాయలు కోసిన మిరపచేలన్నీ ఇళ్ళ స్థలాల వెంచర్లయిపోయాయి. ముప్పైమంది పిల్లలున్న బడి నాలుగేళ్ళలో నూట నలభైకి చేరింది. కారున్నవాళ్ళ పిల్లలు స్కూలు బస్సెక్కి గుంటూరు పోతారనుకోండి. లోను కట్టేసరికి ఫీజుకి చెయ్యాడనివాళ్ళ పిల్లలూ, అద్దెలకొచ్చినవాళ్ళ పిల్లలూ ఈ బడికే. గదులు మాత్రం ఆవిడ చదువుకున్నప్పటి రెండే. మూడో తరగతి రేకుల వరండాలో, ఆ రేకులకి చిల్లులు.

లేఔట్ల మీద పంచాయతీకి సొమ్ము బాగానే వచ్చింది. గ్రామసభలో టీచరు లేచి, "వానలొచ్చేలోపు రెండు గదులు కట్టించండి" అని అడిగింది.

సర్పంచి సంజీవరావు ఆవిడతో కలిసి ఆ బడిలోనే చదివినవాడు. "గదులు కడితే ఎవరికి కనిపిస్తాయి జయా? అదే ఆర్చీ అయితే రోడ్డు మీదకి కనిపిస్తుంది" అన్నాడు. వెంచరు యజమాని లక్ష్మీకాంత్ తల ఊపి, "ఊరికి ముఖద్వారం ముఖ్యమండీ" అన్నాడు. ఆయన ప్లాట్లకి ముఖ్యం అని దానర్థం.

మార్టూరు నుంచి నున్నటి గ్రానైటు దిగింది. ఎత్తెంత పెట్టమంటారని మేస్త్రీ అడిగితే లక్ష్మీకాంత్ తన కారు తెచ్చి నిలబెట్టి, పైన మూడడుగులు వదలమన్నాడు. పత్తి ట్రాక్టర్లూ మిరపకాయ టిక్కీ బస్తాల లారీలూ తిరిగే ఊళ్ళో కారు కొలత! ఫ్లెక్సీలు కట్టుకోవడానికి మాత్రం పైన గదంత వెడల్పు శ్లాబు పోశారు. ప్రారంభోత్సవం అయిన మర్నాడే పత్తి లోడు ఇరుక్కుంది. ఆనాటి నుంచి ట్రాక్టర్లు కాలవగట్టు మీదుగా పోతున్నాయి. కార్లవాళ్ళకి హైవే వైపు వేరే గేటుంది. లక్షలు పోసి కట్టిన ఆర్చీ కింద కుక్క కూడా నడవదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. వరండా మడుగైపోతే, టీచరు మూడో తరగతిని పట్టాలతో సహా తీసుకెళ్ళి ఆర్చీ కింద కూర్చోబెట్టింది. బోర్డుని స్తంభానికి ఆనించింది.

సంజీవరావు బండి మీద పరుగున వచ్చాడు. "ఇదేం పని జయా? ఊరి పరువు పోతోంది."

"నువ్వేగా రోడ్డు మీదకి కనిపించాలన్నావు. పిల్లలు బాగా కనిపిస్తున్నారు చూడు."

సిగ్గుపడి గదులు కట్టిస్తాడనుకుంది పిచ్చితల్లి. సిగ్గున్నవాడైతే ముందే కట్టించేవాడు కాదూ? అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. రెండ్రోజులకి లక్ష్మీకాంత్ ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకొచ్చాడు. పై ఆఫీసుకి పంపుతారేమోనని టీచరు పిల్లల్ని సర్ది కూర్చోబెట్టి, తనూ సుద్దముక్క పట్టుకుని నిలబడింది.

దసరా సెలవుల తర్వాత కూడా క్లాసు ఆర్చీ కిందే నడుస్తుంటే, ఖుర్షిదా అనే ఆవిడ తన కూతురు సైమాని మూడో తరగతిలో చేర్పించడానికి అక్కడికే వచ్చింది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల పొగకి పిల్లకి దగ్గు తగ్గడం లేదట, ఉన్నదంతా ఊడ్చి ఇక్కడ స్థలం కొన్నారట. ఆవిడ చేతిలో లక్ష్మీకాంత్ వెంచరు ప్రకటన కాగితం ఉంది. దాని మీద గ్రానైటు ఆర్చీ, దాని కింద మూడో తరగతి, పక్కన నవ్వుతూ జయకుమారి. 'నడిచి వెళ్ళే దూరంలో బడి, ఆహ్లాదకరమైన వాతావరణం' అని రాసుంది.

"ఈ స్కూలేనా టీచరుగారూ? మీ ఫొటో చూసే కొన్నామండీ."

టీచరుకి ఆ కాగితం చింపేయాలనిపించింది. కానీ పిల్ల అప్పటికే ఆ ఫొటోలో తను ఎక్కడ కూర్చోవాలో వేలు పెట్టి చూసుకుంటోంది. టీచరు రిజిస్టరు తీసి పేరు రాసుకుంది.

"సైమా, పొద్దున ఈ స్తంభం దగ్గర కూర్చో. మధ్యాహ్నం ఎండ ఇటు తిరిగాక ఆ స్తంభం దగ్గరికి జరుగు."