సగం మీసం, ఖరీదైన కుంపటి

ఆ రోజుల్లో నాకు నా మీసం మీద ఉన్నంత నమ్మకం బుర్ర మీద ఉండేది కాదు. చేవెళ్లలో మా నాన్న (బాపు అంటాం) కిరాణా దుకాణంలో పప్పులు తూచడం నామోషీ అనిపించి, మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్‌లో ఒక తోట కిరాయికి తీసుకున్నాను. శని, ఆదివారాల్లో సిటీ నుంచి వచ్చేవాళ్లకు పార్టీలకు ఇవ్వడం నా వ్యాపారం. మాంసం కాల్చుకోవడానికి ఇనుప గ్రిల్ చవగ్గానే దొరికేది. నేను మాత్రం కళ్లు తిరిగే ధర పెట్టి మూతతో సహా సెరామిక్‌తో చేసిన బొగ్గుల గ్రిల్ కొన్నాను. (అమ్మినవాడు నన్ను సార్ అన్నాడు మరి. దుకాణంలో నన్నెవరూ సార్ అనలేదు.)

అప్పటికే బాపుకు కడుపులో జబ్బు. తగ్గేది కాదని దవాఖానలో మాతోనే చెప్పారు, అయినా ఆయనకు తెలిసిపోయింది. అన్నం చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. ఏదడిగితే అది పెట్టండి, నాలుగు ముద్దలు లోపలికి పోతే చాలన్నాడు డాక్టరు. అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం) రోజూ ఏవేవో వండి, అన్నిటికీ మళ్లీ మూతపెట్టేది. ఒకరోజు ఆయన తనంతట తానే బొగ్గుల మీద కాల్చిన వంకాయ పచ్చడి అడిగాడు. మా ఇంట్లో నీసు ముట్టరు. అయితే గ్రిల్ ఇంకా కొత్తది, దానికి ఏ కోడీ తగల్లేదు. ఇద్దరినీ తోటకు తీసుకెళ్లాను.

బాపు దాని చుట్టూ తిరిగి, కుండను చూసినట్టు వేలితో కొట్టి చూశాడు.

"గుడ్డు లెక్కనే ఉన్నది గదరా! మనింట్లకు గుడ్డు రాదని గింత పెద్దది తెచ్చినవా? గీ కుంపటికి గన్ని పైసలెందుకు?"

"వేడి లోపలనే ఉంటది బాపూ. బొగ్గు తక్కువ పడుతది."

తక్కువ అనే మాట వినగానే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కాసేపు చూసి, "వంకాయలు మగ్గినట్టే ఉన్నయి. బొగ్గు వట్టిగ ఎందుకు కాలాలె? గాలి బంద్ చెయ్" అన్నాడు. దుకాణంలో మనిషి లేని చోట బల్బు వెలగనివ్వని మనిషి. నేనూ ఆయన కొడుకునే కదా, కిందా పైనా గాలి రంధ్రాలు రెండూ మూసేశాను. తర్వాత వంకాయలు తీద్దామని మూత ఒక్క ఊపున ఎత్తి తొంగిచూశాను. గాలాడక ఉన్న నిప్పు భగ్గుమని నా మొహం మీదికి లేచింది. (కొంచెం తెరిచి, ఆగి, అప్పుడు ఎత్తాలని అమ్మినవాడు చెప్పాడు. సార్ అన్న తర్వాత నాకేమీ వినిపించలేదు.)

దేవుడి దయవల్ల చర్మం కమిలి ఊరుకుంది. కుడివైపు మీసం మాత్రం లేదు. అవ్వ కొంగుతో నా మొహం తుడుస్తూ ఏడుస్తుంటే, బాపు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్లకో విన్నాం ఆ నవ్వు. కడుపు పట్టుకుని, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వుతూనే అవ్వ కలిపి పెట్టిన పచ్చడి ముద్దలన్నీ తినేశాడు.

"రెండో దిక్కు గూడ తీసేస్త అవ్వా."

"నోరు మూయ్! బాపు ఉండంగ మీసం తీస్తరార ఎవరన్న?"

తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదని మాలో పట్టింపు. అందుకని సగం మీసంతోనే చేవెళ్ల బజారంతా తిరిగాను. షేర్ ఆటోలో ఎదురు సీటు వాళ్లు బయటి పొలాలు చూస్తున్నట్టు నటించేవాళ్లు. ఇంట్లో మాత్రం బాపు కంచం ముందు కూర్చుని, "ఏడున్నడు సగం మీసపోడు? పిలువుండ్రి" అనేవాడు. నన్ను చూసి నవ్వేవాడు, ఆ నవ్వులో రెండు ముద్దలు తినేవాడు. మీసం తొందరగా పెరగకూడదని దేవుడికి మొక్కుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

అది పెరిగింది. రెండు వైపులా సమానమయ్యేసరికి బాపు నన్ను పిలవడం మానేశాడు, తినడమూ మానేశాడు. బాపు కర్మ రోజు మంగలాయన తలతో పాటు మీసమూ గొరుగుతుంటే అవ్వ అడ్డం చెప్పలేదు. నేను తల వంచుకున్నాను.

"దీనికి గంత పెట్టుడు దండుగ గదన్నా?" అని తోటకొచ్చేవాళ్లు గ్రిల్ చూసి ఇప్పటికీ అడుగుతారు. వ్యాపారం లెక్కన దండుగే, అదే చెప్తాను. మా బాపు తిన్న ముద్దల సంగతి చెప్పను. ఇప్పుడు నేను మీసం ఉంచుకున్నా తీసేసినా వద్దనేవాళ్లు లేరు. అయినా పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పుడు అద్దంలో ఆ తిక్క కుర్రాడు సగం మీసంతో కనిపిస్తే నవ్వొస్తుంది. ఒరేయ్, ఇంకొన్నాళ్లు అట్లాగే ఉండలేకపోయావా అనిపిస్తుంది.