విల్సన్ బాబాయిగారి కియాంటీ

విల్సన్ బాబాయిగారు ఏది తాగాలన్నా ముందు గ్లాసును గిరగిరా తిప్పి, వెలుతురుకెత్తి చూసి, అందులో ముక్కు పెట్టి కళ్లు మూసుకునేవారు. మంచినీళ్లైనా అంతే. బందరు పరాసుపేటలో మా పక్కిల్లు. రెండో ప్రపంచయుద్ధంలో మిలటరీ ఆసుపత్రి ఉద్యోగిగా ఇటలీ చూసొచ్చిన మనిషి.

అక్కడి కియాంటీ అనే ఎర్ర ద్రాక్షసారా గురించి చెప్పడం మొదలుపెడితే ఆగేవారు కాదు. పులుపుకి సాంజొవేసె, రంగుకి కొలోరినో, మెత్తదనానికి కనయోలో, ఈ మూడు ద్రాక్షలూ కలవాలట. మద్యనిషేధం రోజులు కదా, జనం వినడానికే చుట్టూ చేరేవారు.

గుడివాడలో ఓ పెళ్లిలో చారు గ్లాసులో పోయించుకుని తిప్పారు. బంతి బంతంతా తినడం మానేసి చూసింది.

"కనయోలో తక్కువైంది," అన్నారు.

వంటాయన హడలిపోయి అదెక్కడ దొరుకుతుందని బజారుకి మనిషిని పంపాడు. తీరా చూస్తే బెల్లం మరిచిపోయాడు.

ఎవరో చెప్పగా ప్రొహిబిషన్ వాళ్లు ఇల్లు సోదా చేశారు. తాటాకు అల్లిన సీసా ఒకటి దొరికింది. అందులో మజ్జిగ. బాబాయిగారు వాళ్లకీ తలా గ్లాసు పోసి, తిప్పడం నేర్పి పంపారు.

మా మూడేళ్ల అరుణకి మలేరియా వచ్చినప్పుడు మావారు అవనిగడ్డ క్యాంపులో ఉన్నారు. డాక్టరిచ్చిన ఎర్ర మిక్స్చరు పోసిందల్లా పిల్ల ఉమ్మేస్తోంది. సాయంత్రానికి మందు కడుపులో నిలవకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నారు. నా చదువు కెమిస్ట్రీ. చీర మీద మరకలు చూసి ఎంత మింగిందో అంచనా వేస్తూ, థర్మామీటరు పెడుతూ తీస్తూ కూర్చున్నాను.

బాబాయిగారు వచ్చి మందు గ్లాసు అందుకుని గిరగిరా తిప్పారు.

"అరుణమ్మగారూ, ఇది కియాంటీయేనా? నాకు జలుబు. మీరే చెప్పాలి."

పిల్ల వాసన చూసి, కాస్త చప్పరించింది. "చేదు."

"పండకుండానే కోసేశారన్నమాట, వెధవలు. అడుగున తియ్యగా ఉందేమో చూడండి."

అడుగుదాకా చూసింది. అక్కడా చేదే. గ్లాసు మాత్రం ఖాళీ.

తెల్లారేసరికి జ్వరం దిగి ఒళ్లు చల్లబడింది. బాబాయిగారు పిల్లని చూసిపోదామని వచ్చారు.

"అక్కడ ఎన్ని సీసాలు తాగారు బాబాయిగారూ?" అని అడిగాను.

"చుక్క ముట్టలేదమ్మాయ్. మా అమ్మకి మాటిచ్చి బండెక్కాను. ఆసుపత్రి పక్క ద్రాక్షతోట ముసలాయన అలా తిప్పి తాగేవాడు. చేదుమందు గ్లాసు నేనూ అలాగే తిప్పితే మన సిపాయిలు నవ్వేవాళ్లు. నవ్విన నోరు మూసుకునేలోగా పోసేసేవాణ్ణి."

"మరి మజ్జిగెందుకు తిప్పుతారు?"

"పిల్లలున్న వీధి కదా. చెయ్యి అలవాటు తప్పకూడదు."

ఇంతలో మంచం మీద అరుణ పాలగ్లాసు తిప్పింది. సగం నా చీర మీద పడ్డాయి. మిగిలినవి కాస్త చప్పరించి కళ్లు మూసుకుంది.

"కనయోలో తక్కువైంది," అంది.

రుచి చూశాను. నిజమే. పంచదార వెయ్యలేదు.