బేస్‌బాల్ బ్యాటుతో దోసకాయ పచ్చడి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకో గట్టి నమ్మకం ఉండేది. అప్పుడు నా వయసు ఇరవై అయిదు. అమెరికాలో, సన్నీవేల్‌లో మొదటి ఉద్యోగం, సైకిల్ మీద ఆఫీసు, ఒంటరి బతుకు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అడక్కుండానే ఉపాయం చెప్పడం నా అలవాటు. జలుబుకి ఏ కషాయం తాగాలో, టాక్స్ ఎలా ఫైల్ చేయాలో, పులిసిన పెరుగుని ఏం చేసుకోవాలో అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉండేవి. అందుకే మా అక్క నాకు ‘చిట్కాలు’ అని పేరు పెట్టింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల బావతో ఉండేది. శనాదివారాలు నా భోజనం వాళ్ళింట్లోనే. (మిగతా అయిదు రోజుల్లో నాలుగు కూడా అక్కడే అని బావ అంటాడు. ఇంట్లోకి కావలసిన కొత్తిమీర కట్టని కూడా స్ప్రెడ్‌షీట్‌లో రాసుకునే మనిషి కాబట్టి ఆయన మాటే నిజమై ఉంటుంది.)

ఆ అక్కకి జబ్బు చేసింది. దానికి మాత్రం నా దగ్గర ఏ చిట్కా లేకపోయింది. తెనాలి నుంచి పెద్దమ్మ వచ్చి ఏడు నెలలు పక్కనే ఉండి చూసుకుంది. చివరి వారాల్లో అక్క నోటికి ఏదీ రుచించేది కాదు. అలాంటిది ఒకరోజు, రోట్లో నూరిన దోసకాయ పచ్చడి తినాలని ఉందమ్మా అంది. ఇండియన్ స్టోర్‌లో దోసకాయ దొరికింది గానీ రోలు దొరకలేదు. అక్కడున్న బుల్లి రోలు రెండు యాలకులు దంచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. చివరికి మిక్సీలోనే తిప్పి, నెయ్యి వేసి, ఒక్క ముద్ద కలిపి పెట్టింది పెద్దమ్మ. అక్క తిని, “బాగుందమ్మా” అంది.

పెద్దమ్మకి దిగులు పట్టుకున్నది ఆ మాట దగ్గరే. చిన్నప్పటి నుంచీ వాళ్ళింట్లో పచ్చడి ఏది చేసినా ఉప్పు చూసే పని అక్కదే. చారెడు ఉప్పు వేసి పిలిచినా సరే, వేలితో నాకి “ఇంకాస్త పడాలి” అనేది. ఆ మాట అనకుండా ఒక్క పచ్చడినీ వదిలిపెట్టిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం ఉప్పు ఊసు ఎత్తలేదు. తరవాత పది రోజులకి పోయింది. పెద్దమ్మ అందరిలా ఏడవలేదు. వంటింట్లో మిక్సీ మీద గుడ్డ కప్పేసి, నేను ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట అడిగేది. “ఉప్పు సంగతి ఎత్తలేదంటే నచ్చలేదనే కదరా?” నేను ఫోన్ చూసుకునేవాణ్ణి.

మూడో మాసికం శనివారం పడింది. మరుసటి వారం పెద్దమ్మ తిరుగు ప్రయాణం. అప్పుడు నాకు ఉపాయం తట్టింది. అంతకు ముందు ఒకసారి ఆఫీసు వాళ్ళతో హైకింగ్‌కి వెళ్ళినప్పుడు, కొండల దిగువన ఓక్ చెట్ల మధ్య ఒక పెద్ద బండ చూశాను. ఆ ప్రాంతపు ఆదివాసీ స్త్రీలు తరతరాలుగా ఓక్ కాయలు దంచుకున్న చోటు అది. దంచి దంచి బండ నిండా గుంటలు పడ్డాయి. నా కంటికి అవి అచ్చంగా రోళ్ళు. వెళ్ళి పెద్దమ్మతో, అమెరికాలో రోళ్ళున్నాయి, ఒకటి కాదు, వందలున్నాయి, అడిగే దిక్కు కూడా లేదు అని చెప్పేశాను. మూడు నెలల్లో మొదటిసారి ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపు చూశాక ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. రోకలి కోసమని స్పోర్ట్స్ షాపులో పిల్లల బేస్‌బాల్ బ్యాటు ఒకటి కొన్నాను. చెక్కదే కావాలని పట్టుబట్టి మరీ వెతికించాను. (ఏ లీగ్‌లో ఆడతారు అని కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగింది. మా పెద్దమ్మ ఆడుతుంది అన్నాను.) ఇంటికి తెచ్చి వేడి నీళ్ళతో కడిగి పసుపు రాశాను.

ఆ పొద్దున బావ గుడిలో తంతు ముగించుకుని వచ్చాక ముగ్గురం కారెక్కాం. వేయించిన మిరపకాయలు, నానేసిన చింతపండు, జీలకర్ర, ఉప్పు, సన్నగా తరిగిన దోసకాయ ముక్కలు, వండిన అన్నం అన్నీ డబ్బాల్లో సర్దుకుని, ఆ సంచీని పెద్దమ్మ ఒళ్ళోనే పెట్టుకుంది. బ్యాటు నా ఒళ్ళో ఉంది. బావ డ్రైవ్ చేస్తూ, అక్కడ పర్మిషన్ అవసరమేమో కనుక్కున్నావా అని రెండుసార్లు అడిగాడు. అది ఓపెన్ ప్లేస్ బావా అని రెండుసార్లూ నమ్మకంగా చెప్పాను.

వెళ్ళేసరికి పదకొండు దాటింది. మనిషి అలికిడి లేదు. బండ చుట్టూ నడుమెత్తు కర్ర కంచె, దానికో బోర్డు. బండ ఎక్కరాదు, గుంటలు తాకరాదు అని దాని మీద రాసి ఉంది. చదివాను. అది పిల్లల్ని ఉద్దేశించి రాసిందని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. పెద్దమ్మ చెప్పులు విడిచి, నేను చెయ్యి అందిస్తే కంచె దాటింది. ఒక గుంట ముందు గొంతుక్కూర్చుని, ఎండుటాకులు ఏరి, సీసాలో నీళ్ళతో రెండుసార్లు కడిగి, కొంగుతో తుడిచి, అంచున పసుపు రాసి బొట్టు పెట్టింది. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. నేను పక్కన బ్యాటు భుజాన పెట్టుకుని నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఎవరో గట్టిగా ఆగమన్నారు. చూస్తే డెబ్బై ఏళ్ళావిడ, తెల్లటి జడ, చేతిలో చీపురు. ఆ చోటుని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆ ఆదివాసీ తెగ ఆవిడే. నా కాళ్ళ కింద ఉన్నది ఆవిడ పూర్వీకుల బండ, నా చేతిలో ఉన్నది బ్యాటు. ఆవిడ మొహంలో కోపం కన్నా భయం ఎక్కువ కనిపించింది. పగలగొట్టడానికి వచ్చానని అనుకుంది. ఆ మొహం తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు సిగ్గేస్తుంది. బ్యాటు కింద పడేసి రెండు చేతులూ పైకెత్తాను. బావ కంచె అవతల నుంచే సారీ సారీ అంటున్నాడు. అందరికన్నా నెమ్మదిగా ఉన్నది పెద్దమ్మ. లేచి, చేతులు జోడించి, సంచీ తెరిచి డబ్బాలు చూపించింది.

మాసికం అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది నాకు. తడబడుతూ, చెప్పిందే చెబుతూ, అక్క సంగతి, పచ్చడి సంగతి, మిక్సీ సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ విని, కంచె దాటి వచ్చి ఆ గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇది మా ముత్తవ్వ గుంట అని మా అమ్మ చెప్పేది, అందుకని నేను కూడా ఇందులో దంచను, మిమ్మల్నీ దంచనివ్వలేను అంది. మెడకున్న రుమాలు తీసి పసుపూ బొట్టూ మెల్లిగా తుడిచేసింది. తుడుస్తూనే, ఈ గుంటల్లోంచి బీరు డబ్బాలు ఏరాను, సిగరెట్ ముక్కలు ఏరాను, కడిగి దండం పెట్టినవాళ్ళని చూడటం ఇదే మొదలు అంది. నేను పెద్దమ్మకి చెప్పాను. పెద్దమ్మ తల దించుకుంది. “తప్పయిపోయింది. ఒకరి రోలు అడక్కుండా ముట్టుకోకూడదు. ఆ మాత్రం నాకు తెలుసు, తెలిసీ చేశాను. క్షమించమని చెప్పు.”

నేను చెప్పాను. ఆవిడ రుమాలు మడిచి పక్కన పెట్టింది. తరవాత పెద్దమ్మ వైపే చూస్తూ తన సంగతి చెప్పింది. వాళ్ళమ్మ కూడా పోయేముందు ఓక్ కాయల జావ అడిగిందట. అప్పటికి ఈవిడ సిటీలో అపార్ట్‌మెంట్‌లో ఉంది. రాయి ఎక్కడి నుంచి వస్తుంది? బ్లెండర్‌లో తిప్పి కాచి పోసిందట. రెండు చెంచాలు తాగి బాగుందందట.

“అబద్ధమని నాకు తెలుసు,” అంది ఆవిడ. “నా కోసం చెప్పింది.”

అది తెలుగులో చెప్పేసరికి పెద్దమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. “కూతుళ్ళూ అంతేనమ్మా అని చెప్పరా” అంది.

ఆవిడ మమ్మల్ని తన ట్రక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. వెనకాల ఒక చిన్న రాతి రోలు ఉంది. స్కూలు పిల్లలు వచ్చినప్పుడు దంచి చూపించడానికి తను కొనుక్కున్నదట. దాని పొత్రం కూడా ఉంది. (నా బ్యాటుకేసి ఒకసారి చూసి, అది కారులో పెట్టెయ్ బాబూ అంది.) ఓక్ చెట్టు కింద నేల మీద కూర్చుని పెద్దమ్మ నూరడం మొదలుపెట్టింది. మిరపకాయలూ ఉప్పూ, ఆ తరవాత చింతపండు, చివర్లో దోసకాయ ముక్కలు వేసి నలిగీ నలగనట్టు నూరింది. ఆ ఘాటుకి నలుగురం తుమ్ముతున్నాం. సోమవారం వచ్చే పిల్లలు కూడా తుమ్ముతారేమో అని నవ్వింది ఆవిడ. బావ అక్క పేరున విస్తరాకు పరిచి అన్నం పెట్టాడు. ఇక పచ్చడి వడ్డించడమే తరువాయి. అంతలో ఆవిడ, తనకేం తెలుసు పాపం, వేలు పెట్టి కాస్త తీసి నోట్లో వేసుకుంది.

బావా నేనూ కొయ్యబారిపోయాం. పోయినవాళ్ళకి పెట్టకముందు ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. ఇంత దూరం తెచ్చి, ఇంత గొడవపడి, ఆఖరికి ఇదా అని నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి అప్పటికే కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, కారానికి. పెద్దమ్మ మాత్రం ఆవిడ మొహం వైపే చూస్తోంది.

“ఉప్పు సరిపోయిందేమో అడుగు” అంది.

అడిగాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పెదాలు చప్పరించి, ఆలోచించి చెప్పింది.

“ఏమందిరా?” అంది పెద్దమ్మ.

“ఇంకాస్త పడాలంది.”

పెద్దమ్మ ఉప్పు డబ్బా మూత తీసింది. చిటికెడు తీసుకుంది గానీ రోట్లో వెయ్యలేకపోయింది. ఆ చెయ్యి అలాగే గుండెకి ఆనించుకుని, మూడు నెలలుగా లోపల దాచుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చింది. ఆవిడ గాభరాపడి, నేను తప్పుగా ఏమైనా అన్నానా అని నన్ను అడిగింది. ఈసారి తర్జుమా చేయడం నా వల్ల కాలేదు. బావ పక్కకి తిరిగి కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. కాసేపటికి పెద్దమ్మే తేరుకుని, ఉప్పు వేసి, ఒకసారి కలిపి, విస్తట్లో మొదటి ముద్ద పక్కన వడ్డించింది. ఆ తరవాత ఆవిడతో సహా నలుగురం అక్కడే తిన్నాం. నిజం చెప్పాలంటే పచ్చడిలో కొంచెం ఇసుక తగిలింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరవాత రెండేళ్ళకి గానీ నాకు తెలియలేదు, సన్నీవేల్‌లో అక్క ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న మెక్సికన్ దుకాణంలో మంచి రాతి రోళ్ళు అమ్ముతారని. వరసగా పేర్చి ఉన్నాయి, చిన్నవీ పెద్దవీ. వాటి ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. అన్నీ తెలిసిన చిట్కాలుగాడికి తెలియాల్సిన ఆ ఒక్కటీ తెలియలేదు. ఈ సంగతి ఇంతవరకు పెద్దమ్మకి చెప్పలేదు. ఇక చెప్పను.

ఇప్పుడు అమెరికా తూర్పు తీరాన ఆష్‌బర్న్‌లో ఉంటున్నాం. అడక్కుండా ఎవరికీ సలహా చెప్పడం మానేశాను. ఎక్కడికి వెళ్ళినా బోర్డులు రెండుసార్లు చదువుతున్నాను. (మా అమ్మాయికి ఇది మహా విసుగు.) ఆ బ్యాటు గరాజ్‌లో ఉంది. ఎవరినీ ఆడనివ్వను. దాని పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. మా ఆవిడ మిక్సీలో పచ్చడి తిప్పినప్పుడల్లా వంటింట్లోంచి కేకేస్తుంది, వచ్చి ఉప్పు చూడమని. వెళ్ళి వేలితో తీసి నాకుతాను. సరిగ్గా సరిపోయి ఉంటుంది. “ఇంకాస్త పడాలి” అంటాను. బీపీ మాత్ర వేసుకునే మనిషివి, నీకు ప్రతిసారీ ఇదేం మాట అని తిడుతూనే చిటికెడు వేస్తుంది.