బస్టాండులో చదివిన కథ

పర్ణశాల దగ్గరి ఊళ్లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నా మొదటి కథ అచ్చయింది. నేను రాస్తానని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. సాయంత్రాలు కిరాయి గదిలో కూర్చుని రాసుకునేదాన్ని. రాసింది చూపించడానికి ఎవరూ లేరు. ఆదివారం పేపర్ మా ఊరికి రాదు కాబట్టి పొద్దున్నే బస్సెక్కి భద్రాచలం వెళ్లాను.

బస్టాండులో పేపర్ కొని, బెంచీ మీద కూర్చుని నా పేరు చూసుకున్నాను. ఎవరికైనా చెప్పాలని ఫోన్ తీశాను. ఎవరికి చేయాలో తోచక మళ్లీ సంచిలో పెట్టేశాను.

పక్కన ఒక పెద్దావిడ, ఒడిలో ఖాళీ టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉంది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"కథ, అమ్మా."

"జర పైకి చదువు, నేను గూడ ఇంట. చర్ల బస్సు ఇంకా రాలే."

రాసింది నేనేనని చెప్పలేదు. భార్యను పట్నం దవాఖానాకు పంపి, రోజూ గోదావరి రేవులో పడవ కోసం చూసే ఒక ముసలాయన కథ అది. నది మీది పొగమంచు గురించి మురిసిపోతూ రాసుకున్న పేరా దగ్గరికి వచ్చేసరికి ఆమె చూపు బస్సుల మీదికి పోయింది. ఆ పేరా వదిలేసి కిందికి దూకాను. ఆమె మళ్లీ నా వైపు తిరిగింది.

చివర్లో పడవ వస్తుంది. అందులో భార్య ఉందో లేదో కథ చెప్పదు. అలా వదిలేయడం రాసేటప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది.

"ఇంతకీ ఆమె వచ్చిందా?"

నేను పేపర్లో చివరి వాక్యం మళ్లీ చూశాను.

"మా ఇంటాయన గీడ దవాఖానాలనే ఉన్నడు. లేస్తడో లేదో ఎవలూ చెప్తలేరు. గందుకే అడుగుతున్న."

"అవ్, వచ్చింది. పడవ దిగి ఆయన చెయ్యి పట్టుకుంది," అన్నాను.

"గట్లనే రాసిండ్రా అండ్ల?"

"గట్లనే రాసిండ్రమ్మా."

"మంచిగ రాసిండ్రు," అంది, కళ్లు తుడుచుకుంటూ. అంతలో చర్ల బస్సు వచ్చింది. ఆమె వెనక్కి చూడకుండా ఎక్కేసింది. ఊరూ పేరూ అడగలేదు నేను. ఆమె భర్త కోలుకున్నాడో లేదో నాకు తెలియదు.

సోమవారం మేనేజర్ అడిగారు: "నిన్న ఎటో పోయినట్టున్నరు మేడమ్?"

"భద్రాచలం, చిన్న పనుండి."

పేపర్ సంచిలోనే ఉంది. తీయలేదు.

ఆ కథను పుస్తకంలో వేసేటప్పుడు, భార్య పడవ దిగినట్టు రాసి చూశాను. ఆ బెంచీ మీద అంత సులువుగా వచ్చిన మాట కాగితం మీద నిలవలేదు. కొట్టేశాను. పాత ముగింపే అచ్చయింది.

ఇప్పుడు ఏది రాసినా తలుపు వేసుకుని, ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి, పైకి చదువుతాను. చదువుతూ చదువుతూ తలెత్తి చూస్తాను.