ఆయుధపూజ నాటి రెండు బోల్టులు

మా కింది పోర్షన్లో అద్దెకుంటున్న శ్రీసిటీ ఉద్యోగి పోయిన ఆదివారం కొరియర్లో వచ్చిన అట్టపెట్టె విప్పి, తన క్రూజర్ మోటారుసైకిలుకు ఫెయిరింగ్ బిగించుకుంటుంటే, తిరుపతి ఎండలో గొడుగైనా లేకుండా గంటసేపు నిలబడి చూశాను. సెల్‌ఫోన్‌లో ఎవరో చెబుతున్నారు, ఇతను బిగిస్తున్నాడు. హెడ్‌లైటు చుట్టూ నల్లటి ఫైబరు తొడుగు, దాని మీద పొగరంగు గ్లాసు కూర్చునేసరికి బండి రూపే మారిపోయింది. అరవై దాటిన నాకు ఆ బండితో పనేమిటి చెప్పండి, అయినా కడుపులో సన్నగా మంట మొదలైంది. ఆ మంట నాకు పాతదే. నా ఈడువాళ్లు అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో దాని సంగతి చెబుతున్నాను.

ఇరవై ఏళ్ల కిందట నేను చిత్తూరులో కాపురముంటూ, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా పనిచేసేవాణ్ణి. పోయి రావడానికి ఒక మోపెడ్ ఉండేది, ఎదురుగాలి వీస్తే అది నన్ను మోస్తోందో నేను దాన్ని తోస్తున్నానో తెలిసేది కాదు. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్న మా షడ్డకుడికి చెన్నైలో కంపెనీ ఉద్యోగం. అతను క్రూజర్ బండి కొన్నాడు. కొని ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణేమో గాని, వచ్చినప్పుడల్లా దానికి కొత్తగా ఏదో ఒకటి తగిలించుకుని వచ్చేవాడు. ఒకసారి వెనక కూర్చునేవాళ్లు ఆనుకునే మెత్త, ఇంకోసారి ఇరుపక్కలా తోలు సంచులు, మరోసారి కాళ్లు ముందుకు చాపుకునే ఫుట్‌రెస్టులు. మామగారు నా మోపెడ్‌ను ఎండలోకి తోయించి ఆ నీడలో అతని బండి పెట్టించేవారు. పెద్దల్లుణ్ణి నేను. అత్తగారి మొదటి వడ కూడా అతని ఆకులోకే పోయేది. ఒకనాడు మా ఆవిడ ఆ మెత్తకు ఆనుకుని కూర్చుని, సోఫా మాదిరి ఉందని అనబోయి, నా ముఖం చూసి ఆపేసింది. ఆమె అలా ఆపడం నన్ను ఇంకా కాల్చింది.

ఫెయిరింగ్ అన్నిటికంటే చివర వచ్చింది. కొన్నది చెన్నైలోనే అయినా, బిగించింది మాత్రం మామగారి బండ్లను ఏళ్లుగా చూస్తున్న చిత్తూరు మెకానిక్ భాయ్. పెద్దాయన, బిగించిన ప్రతి బోల్టునూ రెండోసారి పానా పెట్టి చూస్తే గాని చెయ్యి తుడుచుకోడు. పై రెండు, కింద రెండు, నాలుగు బోల్టులతో దాన్ని నిలబెట్టినప్పుడు నేనూ షాపులోనే ఉన్నాను. బాగుందని అందరికంటే ముందు అన్నది నేనే.

మర్నాడు ఆయుధపూజ. బండ్లన్నీ కడిగి మామగారింటి ముందు వరసగా నిలిపారు. చామంతి మాల ఫెయిరింగ్ మీద వేస్తే జారిపోతోందని, గ్లాసు వెనక నుంచి చుట్టమన్నారు అత్తగారు. పూజలో పెట్టడానికి నేను తెస్తున్న పానాను షడ్డకుడు తీసుకుని, పై రెండు బోల్టులూ వదులు చేసి, సందులోంచి మాల దూర్చి, బోల్టులను వేళ్లతో తిప్పి వదిలేశాడు. ఇంతలో గుమ్మడికాయ కొట్టాలని మామగారు కేకేస్తే, పానా నాకిచ్చి పరిగెత్తి, ఆ సందడిలో మరిచేపోయాడు. నేను మరవలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది, చెప్పకపోయినా నేనే రెండు తిప్పులు తిప్పితే సరిపోయేది. పానాను పెట్టెలో పెట్టేశాను. అతనికి దెబ్బ తగలాలని కోరుకోలేదు, నమ్మండి. నలుగురి ముందూ ఆ ఫెయిరింగ్ ఒకసారి లొడలొడ ఊగితే చూడాలనిపించింది.

ఆ మరుసటి ఉదయం అతను పలమనేరు వైపు వెళ్తుంటే, బంగారుపాళ్యం దాటాక ఎదురొచ్చిన లారీ గాలికి ఫెయిరింగ్ పైనుంచి ఊడి, విరిగి ముఖానికి అడ్డం పడింది. కిందపడి భుజం ఎముక విరిగింది. ఇంటిల్లిపాదీ భాయ్ సరిగ్గా బిగించలేదనే అన్నారు. ఆ మాట బజారులో పాకి, ఆయన షాపులో ఉన్న బండ్లను కూడా కొందరు తీసుకెళ్లిపోయారు. మామగారు పిలిపిస్తే వచ్చి, విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కింద రెండూ అట్నే ఉండాయి సూడు సామీ. పైవి ఎవురో ఇప్పినారు. పూజ రోజు ఎవురన్నా ముట్టుకున్నారా?"

లేదన్నాడు షడ్డకుడు, నిజంగానే గుర్తులేక. భాయ్ నా వైపు తిరిగాడు. "నువ్వేమన్నా సూసినావా అప్పా?"

చూశానంటే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ఇంట్లో నాకు మిగిలిన కాస్త మర్యాదా పోతుంది. "లేదు భాయ్," అన్నాను.

మా వైపు మాట నమ్మనప్పుడు కాణిపాకం వెళ్లి ప్రమాణం చేయమంటారు, అక్కడ అబద్ధమాడినవాడు బాగుపడడని నమ్మకం. మామగారు ఆ ఊరి పేరెత్తక ముందే భాయ్ అన్నాడు: "మీకు నమ్మకం యాడుంటే ఆడికే పదండి. మీ దేవుని ముందరే చెప్తా."

తలస్నానం చేసి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి, నాలుగూ నేనే బిగించినాను, రెండు తూర్లు సూసినాను అని చెప్పాడు. గొంతు వణకలేదు. ఆయన పొడి చొక్కా, టోపీ పట్టుకుని పక్కన నిలబడింది నేను. మామగారు ఆయనకు చేతులు జోడించారు. మరి తప్పెవరిదన్నది మిగిలింది, అది దిష్టేనని అత్తగారు తేల్చారు. ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ షడ్డకుడికి దిగదుడిచి, నాయనా నువ్వూ కూర్చో అని నాకూ తిప్పి, ఎవుడి పాపిష్టి కన్ను పడిందో అంటూ నిప్పుల్లో వేస్తే, ఉప్పు చిటపటలాడుతున్నంతసేపూ తల దించుకుని ఉన్నాను.

షడ్డకుడు ఆ బండి అమ్మేశాడు, నన్ను ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. నిజం చెబుదామని రెండుసార్లు భాయ్ షాపుకు వెళ్లి, మోపెడ్ బ్రేకులు సరిచేయించుకుని వచ్చేశాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఫెయిరింగ్ పెట్టెలో ఇంటికే వస్తుంది. నచ్చకపోతే తిప్పి పంపుతారు, బిగించడం ఫోన్ నేర్పిస్తుంది, రెండు బోల్టుల కోసం తడిబట్టలతో నిలబడవలసిన మనిషి ఎవరూ లేరు. సుఖమే, కాదనను. కింది పోర్షన్ అతని బండి మీద కలిగిన అసూయ భోజనాల వేళకే చల్లారింది. స్వామి ఎదుట అలా నిలబడగలిగిన భాయ్ మీద అసూయ మాత్రం ఏటేటా పెరుగుతోంది. చిత్తూరు బస్సు కాణిపాకం దారి చీలే చోట ఆగినప్పుడల్లా దర్శనానికి వెళ్లేవాళ్లు దిగుతారు. ఈ ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారీ దిగలేదు.