సెమినార్ హాల్ల మా ఆయన

పోయిన వారం శుక్రవారం మా ఆయన బనీన్‌తోని, గోడంత పెద్దగ, మా కాలేజీ సెమినార్ హాల్ల కనపడ్డడు. ఆయనేమో ఉండేది మస్కట్‌ల. చాయ పోసుకోండ్రి, చెప్త.

కోరుట్లల డిగ్రీ పిల్లలకు నేను తెలుగు చెప్తున్న గదా. సెకండియర్‌ల ఒక కథ ఉన్నది. సిరిసిల్లల మగ్గం బందైతే ఒకాయన బొంబాయి పోతడు. ఎప్పుడు కబురు పంపినా "మంచిగనే ఉన్న" అంటడు, ఇంటికాడ భార్య నమ్ముతది. గంతే కథ. నేనైతే ఆఖరు పేజీ మళ్ల మళ్ల చదువుత. పిల్లలేమో గైడ్ల జవాబు బట్టీ పట్టి పేజీ తిప్పేస్తున్నరు. సగం మంది తండ్రులు గల్ఫ్‌లనే ఉన్నరు, అయినా ఒక్క పిల్ల నోరు తెరవదు. ఇగ సినిమా చూపిస్తె తప్ప లాభం లేదనుకున్న.

ప్రిన్సిపాల్ సార్‌ను అడిగిన. "సినిమా చూసుడు క్లాసెట్లయితది లతమ్మా" అన్నడు. బతిమాలితే ఒక్కసారికి ఒప్పుకున్నడు. "చూసినంక పిల్లలు కథ గురించి సొంతంగ నాలుగు మాటలు మాట్లాడాలె. మాట్లాడితే ప్రతి శుక్రవారం హాలు నీదే. లేదంటే మళ్ల అడగొద్దు."

ఇగ వెతుకుడు మొదలు. ఒకటి మూడు గంటలు. ఒకటి మంచిగనే ఉన్నది గని, నడుమ పిల్లల ముందు చూపలేని పాట. ఒకదాంట్ల మాటలే లేవు, వాన పడుతనే ఉంటది. నాకు నచ్చింది పిల్లలకు నచ్చుతదో లేదో తెల్వదు, అందుకని మా అత్తమ్మను పక్కన కూసోబెట్టుకున్న. ఆమె నిద్రపోతే సినిమా ఫెయిల్. వాన సినిమాకు గురకే పెట్టింది. ఆఖరుకు ఒక చిన్న సినిమా దొరికింది, భర్త కోసం ఎదురుచూసే ఒకామె మీద. అత్తమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. పాస్.

హాల్ల కంప్యూటర్‌కు నెట్ రాదు. నా ఫోన్‌నే వైరుతోని ప్రొజెక్టర్‌కు, స్పీకర్లకు తగిలించి ముందు టేబుల్ మీద పెట్టిన. లైట్ల స్విచ్చులు వెనుక గోడకున్నయి. ప్రిన్సిపాల్ సార్ గూడ వెనుకనే కూసున్నడు. నేను పోయి లైట్లు ఆర్పిన్నో లేదో, తెర మీద మా ఆయన ఫోటో, వీడియో కాల్ రింగు. శుక్రవారం ఆయనకు సెలవన్న సంగతే నాకు యాదికి లేదు.

"కట్ చెయ్ స్వప్నా" అన్న, ముందు బెంచీ పిల్లను. ఆమె ఎత్తింది.

తర్వాత అడిగితే ఏమన్నదో తెలుసా? "మా ఇంట్ల గల్ఫ్ ఫోన్ కట్ చెయ్యరు మేడమ్. చెయ్యి దానంతటదే పోయింది." ఆమెననేదేమున్నది, మా ఇంట్ల గూడ గంతే. ఒక్కసారి కట్ చేస్తే, ఇంట్ల ఏమో అయిందని ఆయన వాడకట్టంత ఫోన్లు చేస్తడు.

తెర మీద మా ఆయన. బనీన్, లుంగీ, చేతిల గంటె. నా ఫోన్ టేబుల్ మీద వెల్లకిల ఉన్నది, ఆయనకు చీకటి తప్ప ఏం కనపడదు.

"ఏం లతా, కరెంటు పోయిందా? సరే ఇను. రూం సూపియ్యి, రూం సూపియ్యి అని పానం తీస్తవ్ గదా. ఇయ్యాల అందరు బజారుకు పోయిండ్రు. సూడు."

నేను చీకట్ల ఉరికిన. కుర్చీ తట్టుకొని పడ్డ. లేచేసరికి గది మొత్తం తెర మీద తిరుగుతున్నది. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. నడుమ తాడు మీద బట్టలు.

"గిది నా మంచం, పైది. లేస్తె తల కప్పుకు తాకుతది. గిది నీ మామిడికాయ తొక్కు. జర జర తింటున్న, అయిపోతదని."

ఇన్నేండ్లల్ల నాకు ఆయన వెనుకున్న గోడ ఒక్కటే తెలుసు. టేబుల్ కాడికి పోయిన, ఫోన్ చేతిలకు తీసుకున్న, కట్ చెయ్యబుద్ధి కాలే. పరువు సంగతే మర్చిపోయిన, ఆయన్ను చూస్తుంటే ఏడుపొచ్చింది.

అప్పుడు స్వప్న లేచింది. "అంకుల్, మా బాపు గూడ మస్కట్‌లనే. గిట్లనే ఉంటడా? మాకెప్పుడు సూపియ్యలే."

ఆయన ఉలిక్కిపడ్డడు. "ఎవరు బిడ్డా నువ్వు? లతా, ఏడున్నవ్?"

"కాలేజీల ఉన్న. నువ్వు తెర మీదున్నవ్."

దొరికిన తువ్వాల భుజాల మీద కప్పుకున్నడు. తర్వాత మెల్లగ, "మంచిగనే ఉంటడు బిడ్డా. ఏసీ ఉంటది. వంటనే జర..." అంటుంటే వెనుక నుంచి పొగ లేచింది. పప్పు మాడింది. పిల్లలు కండ్లు తుడుసుకుంట నవ్విండ్రు.

కాల్ అయిపోయి లైట్లేసినంక స్వప్న మళ్ల లేచింది. "మేడమ్, కథల ఆయన మంచిగనే ఉన్న అంటడు, ఆమె నమ్ముతది. నేను గూడ నమ్మిన." ఆమె వెనుక ఇంకో పిల్ల, ఆ వెనుక ఇంకో పిల్ల. గంట కొట్టినా ఆగలే. ప్రిన్సిపాల్ సార్ అద్దాలు తుడుసుకుంట, "హాలు నీదే లతమ్మా" అన్నడు. అత్తమ్మ పాస్ చేసిన సినిమా ఇంకా నా ఫోన్లనే ఉన్నది.

నిన్న మళ్ల శుక్రవారం. పొద్దుగాలనే కాల్. ఇస్త్రీ అంగీ, దువ్విన తల, వెనుక మంచాల మీద దుప్పట్లు నీట్‌గ మడిచున్నయి. నేనేమో తలకు నూనె రాసుకొని వంటింట్ల ఉన్న.

"ఎంతమందున్నరు?" అన్నడు.

"నేనొక్కదాన్నే."

ఆయన మొఖం చిన్నగైంది. "అట్లనా. హాలుకు పోయినంక నువ్వే చెయ్యి" అన్నడు.

గల్ఫ్ ఫోన్ కట్ చెయ్యని మా ఇంట్ల, మొట్టమొదటిసారి ఫోన్ కట్ అయింది. చేసింది ఆయననే, జనం తక్కువున్నరని.