గద్ద ఎవరి కిటికీకి వచ్చింది

మా నర్సింగ్ మామ కథ చెప్తే పక్కన టీవీ ఉన్నా ఎవరూ దానివైపు చూడరు. కోరుట్ల దగ్గర మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ ఆయనకు ఆ పేరుంది. ఖతర్ పోయాక అదే ఆయనకు రెండో డ్యూటీ అయింది. మా అమ్మమ్మకు మాత్రం ఇప్పటికీ అది దుబాయే. "మా చిన్నోడు దుబాయ్‌ల వరల్డ్ కప్పు కడుతుండు" అని బీడీల కంపెనీ దగ్గర అందరికీ చెప్పేది. కప్పు కాదమ్మమ్మా, స్టేడియం అని నేనంటే, "రెండూ ఒకటే గదనే" అనేది.

అప్పటికి వరల్డ్ కప్‌కు ఇంకా నాలుగేళ్ళుంది. స్టేడియం చుట్టూ ఇనుప పైపులు బిగించి, పైన పనిచేసేవాళ్ళకు మెట్టు మెట్టుగా నిలబడే చోటు కట్టే గ్యాంగులో మామ పని. ఉండేది బిర్కత్ అల్ అవామిర్‌లో, కూలీల క్యాంపులో. ఆయన రూములో పక్క మంచం చిన్నప్పది. రాయచోటి వైపు మనిషి, మామకన్నా పదేళ్ళు పెద్ద, అదే గ్యాంగు. చిన్నప్ప మొదటిసారి వచ్చినప్పుడు ఉత్తరాన అల్ రువైస్ దగ్గర ఒక అరబ్బు తోటలో చేశాడు. అక్కడ నాలుగు అరబీ ముక్కలు అంటుకున్నాయి గానీ హిందీ అంటుకోలేదు. గ్యాంగులో మిగతావాళ్ళంతా నేపాలీలు, బెంగాలీలు, బీహారీలు. అందుకని చిన్నప్పకు సైటులో నోరూ చెవులూ మా మామే. బదులుగా చిన్నప్ప ఆయనకు పని నేర్పాడు. ఏ క్లాంపు ఎంత బిగించాలో, పైపు చేతిలోకి వచ్చేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో.

నేను డిగ్రీ చదివేటప్పుడు పిచ్చిగా చూసిన బొమ్మల సీరీస్ ఒకటుంది, 'రెక్కల రాజ్యం'. కొండ అంచున ఒక నగరం, అక్కడ గద్దల మీద ఎగిరే సైనికులు, వాళ్ళలో ఇద్దరు స్నేహితులు, జోరిన్, తాల్. నేనే మామను చూడమని పోరు పెట్టాను. ఫోన్ చేసినప్పుడల్లా మేమిద్దరం జోరిన్ గురించే కొట్లాడుకునేవాళ్ళం. నాకు జోరిన్ అంటే ఇష్టం. వాడు చెడ్డవాడు కాదు. తాల్ జబ్బుపడితే రాత్రంతా కూర్చుంటాడు, రొట్టె సగం విరిచి ఇస్తాడు. కానీ దళపతి కుర్చీ కళ్ళబడిందంటే పక్కనున్న మనిషి కనబడడు. మామ ఒప్పుకునేవాడు కాదు.

"వాడు దొంగ బిడ్డా. మొదటిసంది దొంగనే. వాని మొకం సక్కగుండె గద, అందుకే నీకు తెలుస్తలేదు."

శుక్రవారం సెలవు. పొద్దున బట్టలుతుక్కుని, అన్నం తిన్నాక రూములో అందరూ మామ ఫోన్ చుట్టూ చేరేవాళ్ళు. సీరీస్ హిందీలో వస్తుంది. మామ ఒక్కో మాట పట్టుకుని తెలుగులోకి దించేవాడు, గొంతులు మార్చి మరీ. రాజుకు ఒక గొంతు, గద్దకు ఒక గొంతు. రూములో ఉండే సురేందర్, నిజామాబాద్ వైపు పిలగాడు, సగం హిందీ వచ్చినవాడే, "మామా, గద్ద మాట్లాడలే గదా" అంటే, "అది మనసుల అనుకున్నది, నువ్వు ఊకో" అనేవాడు. చిన్నప్ప మాత్రం మామ మోకాలి పక్కనే కూర్చుని నోరు తెరిచి వినేవాడు.

ఆ వేసవిలో గ్యాంగు ఫోర్‌మన్ కేరళ వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ. మామ అప్పటికే ఇంటికి ఫోన్ చేసి, "ఫోర్‌మన్ అయ్యేటట్టున్న" అని చెప్పేశాడు. ఆ మాట మా అమ్మమ్మ బీడీల కంపెనీ దాటించి ఊరంతా తిప్పింది. మామకు అనుమానమే లేదు. సూపర్‌వైజర్ బుర్హానుద్దీన్‌తో రోజూ మాట్లాడేది తనే కదా.

చిన్నప్ప ఆ కుర్చీ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. సాయంత్రం క్యాంపు బస్సు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని పక్కకు దిగేవాడు. మామే నూనె వేడిచేసి రాసేవాడు. ఫోర్‌మన్ అయితే పైకెక్కే పని ఉండదు, కింద నిలబడి చేయించడమే. ఆ కుర్చీ వస్తే చిన్నప్ప మోకాళ్ళు బతుకుతాయని మామకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం ఎండకు పని ఆపేసే వేళకు బుర్హానుద్దీన్ ఇద్దర్నీ నీడలోకి పిలిచాడు. హిందీలో మామతో అన్నాడు, "నువ్వు బాగా మాట్లాడతావు. అతను బాగా పనిచేస్తాడు. నాకు పనిచేసేవాడు కావాలి. అడుగు, గ్యాంగు చూసుకుంటాడా?"

మామ చిన్నప్ప వైపు తిరిగి ఉన్నదున్నట్టే అడిగాడు. అంతవరకు ఏ తప్పూ లేదు.

చిన్నప్ప కాసేపు తల గోక్కున్నాడు. "నాకు బాస రాదు గదప్పా. అయినా నువ్వుండావు గదా పక్కన. నువ్వు మాట్లాడు, నేను చూసుకుంటా. సరేనని చెప్పు."

బుర్హానుద్దీన్ అడిగాడు, "ఏమంటున్నాడు?"

"వద్దంటున్నాడు," అన్నాడు మామ హిందీలో. "మోకాళ్ళ నొప్పులట. బాధ్యత మోయలేనంటున్నాడు."

బుర్హానుద్దీన్ చిన్నప్ప భుజం తట్టి, ఏం పర్వాలేదన్నట్టు తలూపాడు. చిన్నప్ప అది శుభవార్త అనుకుని నవ్వాడు. తర్వాతెప్పుడో మామ నాకు ఇదంతా చెప్పినప్పుడు, ఆ నవ్వు దగ్గర నా వైపు చూడలేదు.

రెండ్రోజుల తర్వాత ఫోర్‌మన్ పెట్టుకునే తెల్ల హెల్మెట్ మామకు వచ్చింది. చిన్నప్పకు, "పైన ఇంజనీర్ హిందీ వచ్చినోడు కావాలన్నడంట అన్నా" అని చెప్పాడు.

"అదీ నిజమే. నీకొచ్చినా నాకొచ్చినా ఒగటే గదా," అన్నాడు చిన్నప్ప.

క్యాంపులో రాసిపెట్టని పద్ధతి ఒకటుంది. రూములో వంట వంతులవారీగా చేస్తారు, ఫోర్‌మన్‌కు మాత్రం వంతు ఉండదు. మామ వంతు ఎవరూ అడగకుండానే చిన్నప్ప తీసుకున్నాడు. పొద్దంతా పైపుల మీద నిలబడి వచ్చి, మళ్ళీ పొయ్యి ముందు నిలబడేవాడు. కోడికూరలో కాలు ముక్క మామ కంచంలో పడేది. సురేందర్ "ఫోర్‌మన్ సాబ్‌కు నిమ్మకాయ కోసియ్యండి" అని ఎకసెక్కాలాడేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, మామా నవ్వేవాడు. కొన్నాళ్ళకు సాబ్ అనకపోతే వెలితిగా అనిపించడం మొదలైందట. సైటులో చిన్నప్ప మెల్లగా ఎక్కుతుంటే, కింద నుంచి అందరితో అన్నట్టే ఆయనతోనూ "యల్లా యల్లా" అని, తొందరగా కానియ్యమని, అరిచాడు ఒకసారి. చిన్నప్ప కిందికి చూడలేదు. ఎక్కాడు. నూనె రాయడం ఎప్పుడు ఆగిపోయిందో మామకే గుర్తు లేదు.

తర్వాత ఒక శుక్రవారం ఆ ఎపిసోడ్ వచ్చింది. చూసినవాళ్ళు మర్చిపోలేరు. ముసలి రాజు మంచంలో ఉండి, తన తర్వాత దళపతి ఎవరో చెప్పడానికి తన గద్దను వదులుతాడు. అది ఎవరి చేతి మీద వాలితే వాళ్ళే. గద్ద తిన్నగా తాల్ కిటికీకి వస్తుంది. తాల్ నిద్రలో ఉంటాడు. జోరిన్ లోపలికి వచ్చి, స్నేహితుడి ముఖం వైపు ఒకసారి చూసి, తోలు చేతితొడుగు వేసుకుని గద్దను తన చేతి మీదికి తీసుకుంటాడు. పొద్దున సభలో తాల్ అందరికన్నా ముందు మోకరిల్లి వాడికి దండం పెడతాడు.

జోరిన్ గద్దను తీసుకున్న చోటికి రాగానే మామ మాట మార్చేశాడు. "రాజు... గద్దను జోరిన్‌కే పంపిండు. జోరిన్ ఇంటికే వచ్చింది గద్ద."

చిన్నప్ప ముందుకు వంగి తెర చూశాడు. "అది తాల్ కిటికీ గదా నర్సింగా. ఎర్రగుడ్డ కట్టుండాది సూడు. వాళ్ళమ్మ కట్టింది గదా దాన్ని, నువ్వే చెప్తివి."

"లేదన్నా, ఇద్దరి కిటికీలు ఒక్కతీర్గ ఉంటయ్."

"మరి మంచంలో పండుకోనుండేది ఎవురు?"

సురేందర్ అందుకున్నాడు. "మామా, ఫోన్ల చోరీ అంటుండ్రు గదా. నాక్కూడ సమజైంది. నువ్వేంది జోరిన్ దిక్కు మాట్లాడుతున్నవ్? మొన్నటిదాంక దొంగ అంటివి."

"సిగ్నల్ లేదు," అని మామ ఫోన్ ఆపేశాడు. సిగ్నల్ బాగానే ఉంది. అందరి ఫోన్లలోనూ ఉంది.

ఎవరూ లేవలేదు. కథ సగంలో ఆగిన చికాకు. చిన్నప్ప మోకాలు ఒత్తుకుంటూ, తెర ఆరిపోయిన ఫోన్ వైపే చూస్తూ అన్నాడు, "అడిగింటే తాల్ ఇచ్చేసేటోడు గదప్పా ఆ గద్దను. నిద్ర లేపి, నాకు గావాలరా అంటే సరిపోయేది. ఎందుకట్ల చేసినాడో."

ఆ మాటకు తల మీద ఏసీ నీళ్ళు కారినట్టయిందట మామకు. తెలిసి అన్నాడేమోనని ముఖం చూశాడు. తెలియదు. నిజంగా జోరిన్ గురించే బాధపడుతున్నాడు.

మర్నాడు పొద్దున పని మొదలుకాకముందు గ్యాంగంతా గుండ్రంగా నిలబడింది. రోజూ బుర్హానుద్దీన్ జాగ్రత్తలు చెప్తాడు, మామ చిన్నప్ప కోసం తెలుగులో చెప్తాడు. ఆ రోజు బుర్హానుద్దీన్ మొదలుపెట్టేలోపే మామ ముందుకొచ్చి హిందీలో చెప్పేశాడు. ఫోర్‌మన్ పని అడిగిన రోజు చిన్నప్ప సరేనన్నాడని, వద్దన్నాడని చెప్పింది తనేనని. గ్యాంగులో హిందీ వచ్చిన ప్రతివాడికీ అర్థమైంది. నేపాలీలు కిందికి చూశారు. ఒక బెంగాలీ నాలుక చప్పరించాడు. అర్థంకానివాడు ఒక్క చిన్నప్పే. ఆయన మామూలుగా, తెలుగు ఎప్పుడొస్తుందా అని మామ నోటివైపు చూస్తున్నాడు.

బుర్హానుద్దీన్ మామ తల మీది తెల్ల హెల్మెట్ వైపు చూశాడు. తర్వాత, "ఇంజనీర్ సంగతి నేను చూసుకుంటాను. ఇప్పుడు అతనికి చెప్పు. నీ నోటితోనే చెప్పు," అన్నాడు.

మామ తిరిగాడు. ఎన్నో రాజుల మాటలు, ఎన్నో రాక్షసుల మాటలు తెలుగులోకి తెచ్చినవాడికి ఆ నాలుగు మాటలు రాలేదు. చివరికి, "అన్నా, నువ్వు ఆ పొద్దు సరే అన్నవ్. నేను నువ్వొద్దన్నవని చెప్పిన. గద్ద నీ కిటికీకే వచ్చె," అన్నాడు.

చిన్నప్ప ముఖంలో కోపం వస్తుందని మామ ఎదురు చూశాడు. రాలేదు. ఆయన లెక్కలన్నీ మళ్ళీ వేసుకుంటున్నట్టు కళ్ళు కదిలాయి. భుజం తట్టిన చెయ్యి, తను నవ్విన నవ్వు, పొయ్యి, యల్లా యల్లా. తర్వాత మామను దాటుకుని బుర్హానుద్దీన్ ముందుకెళ్ళి, తోటలో నేర్చిన అరబీలో, ఒక్కో ముక్క వెతుక్కుని అన్నాడు. "నర్సింగ్ ఖలాస్. అనా కలామ్." నర్సింగ్‌తో పని అయిపోయింది, ఇక నేనే మాట్లాడతాను అని.

మామ హెల్మెట్ తీసి ఇవ్వబోయాడు. చిన్నప్ప చెయ్యి చాచలేదు. దాన్ని పైపుల కట్ట మీద పెట్టాల్సి వచ్చింది. బుర్హానుద్దీన్ అక్కణ్ణుంచి తీసి చిన్నప్పకిచ్చాడు.

స్టేడియం పైకి లేచేదాకా చిన్నప్పే ఫోర్‌మన్. మామను ఒక్కరోజు కూడా వేధించలేదు. ఎక్కువ ఎండలో పెట్టలేదు, తక్కువలోనూ పెట్టలేదు. అందరికిచ్చినంతే నీళ్ళకు టైమిచ్చాడు. 'నర్సింగా' అనడం ఒక్కటే మానేశాడు. పని చెప్పాలంటే "నర్సింగ్ భాయ్" అంటాడు, నేపాలీలను పిలిచినట్టే. తిట్టినా బాగుండేది బిడ్డా, అన్నాడు మామ నాతో.

రూములో వంట వంతు చిన్నప్పకు లేకుండా పోయింది, మామకు మళ్ళీ వచ్చింది. ఆయన వండింది చిన్నప్ప తినేవాడు. ఉప్పు తక్కువైతే తక్కువైందని కూడా చెప్పేవాడు కాదు.

శుక్రవారాలు ఆగలేదు. ఇప్పుడు ఫోన్ సురేందర్‌ది. మొదటి వారం సురేందర్ గొంతు సవరించుకుని, "వాడేమంటుండంటే..." అని ఎత్తుకోబోతే చిన్నప్ప ఆపాడు.

"ఎవురూ చెప్పొద్దండప్పా. సౌండు పెంచండి సాలు. వినుకుంటా నేర్చుకుంటా."

"సగం గూడ అర్థం కాదన్నా నీకు."

"ఆ సగం నాదే గదా."

మామ వంటగదిలో అన్నం గిన్నె తోముతున్నాడు. తలుపు తెరిచే ఉంది, ప్రతి మాటా వినబడుతోంది. జోరిన్ సభలో ఏదో అంటున్నాడు. మామ పెదవులు వాటంతటవే కదిలి ఆ మాటను తెలుగులో పెట్టేశాయి, గొంతు కూడా జోరిన్ గొంతే వచ్చింది. లోపల చిన్నప్ప ఎవరినో అడుగుతున్నాడు, వచ్చీరాని హిందీలో, "యే క్యా బోలా?" అని. మామ నల్లా ఇంకాస్త తిప్పి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమాడు.